కానరీ వార్ఫ్, కాయిన్ స్ట్రీట్: ఒకే నది, రెండు రకాల బాగుచేత

లండన్ ఆన్‌సైటు వెళ్ళొచ్చిన మనవాళ్ళలో కానరీ వార్ఫ్ తెలియనివాళ్ళు తక్కువ. బాంకుల ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళయితే మరీను. ఈస్ట్ హాంలో నలుగురు కలిసి ఓ ఇల్లు అద్దెకి తీసుకోవడం, పొద్దున్నే డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి వెస్ట్ హాంలో మారి జూబిలీ లైన్లో కానరీ వార్ఫ్ దిగడం, మెడకి బాడ్జీ తగిలించుకుని ఏదో ఒక అద్దాల మేడలోకి దూరిపోవడం.. ఇంచుమించు అందరి కథా ఇదే. ఆ మేడల మధ్య నిలవనీళ్ళు కనబడతాయి చూశారూ, మధ్యాహ్నం డబ్బా పట్టుకెళ్ళి గట్టున కూర్చుని తింటుంటాం. వాటిని చాలామంది అందానికి తవ్విన కొలనులనుకుంటారు. కాదు. అది 1802లో తెరిచిన వెస్టిండియా డాక్. బానిసల చేత పండించిన చక్కెర వెస్టిండీస్ నుంచి ఓడల్లో వచ్చి దిగిన రేవు. కానరీ అన్న పేరు కూడా పిట్టని చూసి పెట్టింది కాదు. 1930లలో కానరీ దీవుల నుంచి పళ్ళు దిగే గట్టు కాబట్టి ఆ పేరు.

ఓ రేవు మూతపడి ఆఫీసుల అడవి అయ్యేదాకా జరిగిన కథని ఇంగ్లీషు వాళ్ళు "అర్బన్ రీజెనరేషన్" అంటారు. తెలుగులో పట్టణ పునరుజ్జీవనం అనొచ్చు గానీ, ఆ మాట వింటే కందుకూరి వీరేశలింగం గారు గుర్తొస్తారు. కాబట్టి నేను "ఊరి బాగుచేత" అనే అంటాను. చితికిపోయిన పేటని, అంటే పని పోయి, జనం వెళ్ళిపోయి, ఇళ్ళు పాడుబడ్డ చోటుని మళ్ళీ బతికించడం. ఇందులో మూడు ప్రశ్నలుంటాయి. డబ్బెవరిది? నేలెవరిది? అక్కడున్నవాళ్ళని అడిగారా, అడిగితే ఎప్పుడడిగారు? మూడో ప్రశ్నకి జవాబు రెండో ప్రశ్నలోనే ఉంటుందని నాకనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే కానరీ వార్ఫ్ ఒక్కటే చాలదు. అదే థేమ్స్ ఒడ్డున పడమరగా ఓ ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న కాయిన్ స్ట్రీట్ సంగతి కూడా చెప్పాలి.

ముందు కాస్త వెనక్కి.

బాగుచెయ్యడమంటే కూలగొట్టడమే అన్నది పాత పద్ధతి. తూర్పు లండన్లో ఓల్డ్ నికల్ అని ఓ మురికివాడ ఉండేది. 1890లలో లండన్ కౌంటీ కౌన్సిల్ వాళ్ళు దాన్ని మొత్తం నేలమట్టం చేసి, ఆ చోట బౌండరీ ఎస్టేట్ అని చక్కటి ఇటుక భవంతులు కట్టారు. 1900లో యువరాజు వచ్చి ప్రారంభించాడు. ఇప్పటికీ ఆ భవంతులున్నాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఒకటే చిక్కు. పాత వాడలోంచి 5,719 మందిని ఖాళీ చేయిస్తే, కొత్త ఇళ్ళలోకి తిరిగొచ్చినవాళ్ళు 11 మంది అని లెక్క. అద్దెలు అందలేదు. మిగతావాళ్ళు పక్క వీధుల్లో ఇంకాస్త ఇరుగ్గా సర్దుకున్నారు. అంటే బాగుపడింది నేలే గానీ మనుషులు కాదు.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేశారు. పాత వీధులు తీసేసి టవర్లు లేపారు. 1968 మే నెలలో, న్యూహాంలోనే, రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల కొత్త టవర్లో ఒకావిడ టీ పెట్టుకుందామని పొయ్యి వెలిగిస్తే గాస్ పేలి భవనం ఒక మూల మొత్తం పేకముక్కల్లా జారిపోయింది. నలుగురు చనిపోయారు. ప్రభుత్వం ఏది కట్టిస్తే అది మంచిదే అన్న నమ్మకం అక్కడితో బాగా సడలింది.

ఆ మరుసటేడు 1969లో మూడు సంగతులు జరిగాయి. ప్లానింగులో జనాన్ని కలుపుకోవాలని ఆర్థర్ స్కెఫింగ్టన్ అధ్యక్షతన వేసిన కమిటీ బ్రిటన్లో ఓ నివేదిక ఇచ్చింది. అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ ఓ వ్యాసం రాసింది, అందులో జనం పాత్రని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. అట్టడుగు మెట్టు మీద జనాన్ని ఆడించడం. మధ్యలో తెలియజెయ్యడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం. ఈ మూడూ కంటితుడుపు అని ఆవిడ మొహమాటం లేకుండా తేల్చేసింది. పైమెట్ల మీద భాగస్వామ్యం, అధికారం అప్పజెప్పడం, చివరికి జనం చేతికే పగ్గాలు. మన భాషలో చెప్పాలంటే, రిక్వైర్మెంట్లు రాసేటప్పుడు యూజర్ని పిలవడం వేరు, యూఏటీకి పిలవడం వేరు, గో లైవ్ అయ్యాక ఈమెయిల్ పంపడం వేరు. మూడింటినీ "యూజర్ ఇన్వాల్వ్‌మెంట్" అనే స్టేటస్ రిపోర్టులో రాస్తాం కదా, అలాగన్నమాట.

మూడో సంగతి, బ్రిటిష్ హోం శాఖ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టులని 12 పేదపేటల్లో మొదలుపెట్టింది. అందులో ఒకటి రేవుల పక్కనున్న కానింగ్ టౌన్. అక్కడి జనంలో ఏదో లోపం ఉంది, అలవాట్లు మారిస్తే బాగుపడతారు అన్న ఉద్దేశంతో పరిశోధకులని పంపారు. వాళ్ళు కొన్నేళ్ళు తిరిగి, లోపం జనంలో కాదు, ఫాక్టరీలూ రేవులూ మూసేసి పెట్టుబడి వేరేచోటికి పోవడంలో ఉందని రాసిచ్చారు. ఇలాంటి నివేదికలు ఏ ప్రభుత్వానికి నచ్చుతాయి చెప్పండి? 1970ల చివరికల్లా ప్రాజెక్టు ముగించేశారు.

రేవులు ఎందుకు మూతపడ్డాయంటే, ఒక్క మాటలో, కంటైనరు. పెద్ద ఓడలు థేమ్స్‌లో అంత లోపలికి రాలేవు, ఇనప్పెట్టెలు దింపడానికి వందలమంది కూలీలూ అక్కర్లేదు. సరుకంతా నది కిందికి, టిల్బరీకి పోయింది. 1967లో ఈస్టిండియా డాక్ మూశారు. తరవాత సెయింట్ కాథరిన్, సర్రీ, 1980లో వెస్టిండియా, మిల్వాల్, 1981లో రాయల్ డాక్స్. పదిహేనేళ్ళలో మొత్తం అయిపోయింది. తాత, తండ్రి, కొడుకు ఒకే గట్టు మీద పనిచేసిన కుటుంబాలవి.

ఈ జనం నోరులేనివాళ్ళేం కాదు. కానరీ వార్ఫ్ ఉన్న ఐల్ ఆఫ్ డాగ్స్ నిజానికి దీవి కాదు, నది మూడువైపులా చుట్టి తిరిగిన ముక్క. లోపలికి వెళ్ళడానికి రెండే దార్లు, రెంటిమీదా వంతెనలు. బస్సు సరిగా లేదు, స్కూలు సరిగా లేదు, ఎవరూ పట్టించుకోరు అని విసిగిపోయి, 1970 మార్చిలో టెడ్ జాన్స్ అనే కౌన్సిలర్ నాయకత్వంలో జనం ఆ దార్లు కాసేపు మూసేసి "మాది స్వతంత్ర దేశం" అని ప్రకటించేశారు. టెడ్ జాన్సే అధ్యక్షుడు. ప్రపంచం నలుమూలల నుంచీ విలేఖర్లు వాలారు. నవ్వులాటలా ఉన్నా దాని వెనక కోపం నిజమైనదే.

1973లో ట్రావర్స్ మోర్గన్ అనే కన్సల్టెంట్లు ప్రభుత్వానికి ఓ నివేదిక ఇచ్చారు. రేవుల నేలని ఎలా వాడొచ్చో అయిదు నమూనాలు, ఒక్కోదానికీ ఓ అందమైన పేరు. (పవర్ పాయింట్ లేని కాలంలో కూడా కన్సల్టెంట్లు కన్సల్టెంట్లే.) జనానికి ఏదీ నచ్చలేదు. వాళ్ళడిగింది తోటలూ పడవలూ కాదు, చేతికి పని, కౌన్సిల్ అద్దె ఇల్లు. తరవాత స్థానిక కౌన్సిళ్ళన్నీ కలిసిన జాయింట్ కమిటీ 1976లో తయారుచేసిన ప్లానులో ఈ కోరికలు చాలావరకు ఉన్నాయి. కానీ అదే ఏడు బ్రిటన్ ఐఎంఎఫ్ దగ్గరికి అప్పుకి వెళ్ళింది. ప్లానుంది, పైసల్లేవు. కమిటీలు కూర్చుని లేచాయి, నేల మాత్రం అలాగే పాడుబడి ఉంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, తరవాత వచ్చినవాళ్ళు "మీకు అవకాశమిచ్చాం, మీరేం చేశారు?" అని అడగ్గలిగారంటే కారణం ఇదే.

ఆ వచ్చినవాళ్ళు 1979లో గెలిచిన థాచర్ ప్రభుత్వం. మంత్రి మైకేల్ హెసెల్టైన్. 1980లో చట్టం తెచ్చి, 1981లో లండన్ డాక్‌లాండ్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టారు. పొడుగ్గా ఉంది కాబట్టి ఎల్‌డిడిసి అందాం. దాదాపు 22 చదరపు కిలోమీటర్ల నేల మీద ప్లానింగ్ అనుమతులిచ్చే అధికారం మూడు కౌన్సిళ్ళ (టవర్ హామ్లెట్స్, న్యూహాం, సదర్క్) చేతుల్లోంచి తీసి దీనికిచ్చారు. బోర్డు సభ్యులని నియమించేది మంత్రి. కౌన్సిళ్ళ నేల కూడా ఉత్తర్వుతో తన పేరు మీదికి మార్చుకోగలదు. 1982లో ఐల్ ఆఫ్ డాగ్స్‌లో ఎంటర్‌ప్రైజ్ జోన్ పెట్టారు: పదేళ్ళపాటు వ్యాపార ఆస్తులకి స్థానిక పన్ను లేదు, కట్టడానికి పెట్టిన ఖర్చంతా ఆదాయపన్నులో మినహాయింపు, చాలావాటికి విడిగా ప్లానింగ్ అనుమతే అక్కర్లేదు. మన ఎస్ఈజెడ్‌లు చూసినవాళ్ళకి ఇదేం కొత్తగా అనిపించదు. మాస్టర్ ప్లాన్ అంటూ ఒకటి ఉండకూడదన్నది వీళ్ళ సిద్ధాంతం. నేల శుభ్రం చేసి, రోడ్లు వేసి, మార్కెట్టుకి వదిలెయ్యడమే.

జనం ఊరుకోలేదు. రాయల్ డాక్స్‌లో చిన్న విమానాశ్రయం కడతామంటే, అక్కడి సంఘాలు 1983లో తమ సొంత ప్లాను రాసుకున్నాయి. పేరు పీపుల్స్ ప్లాన్. వట్టి "వద్దు" అని కాకుండా, రేవులో సరుకు రవాణా మళ్ళీ ఎలా నడపొచ్చు, ఇళ్ళెక్కడ, పిల్లల్ని చూసుకునే కేంద్రాలెక్కడ అని ఓ ప్రత్యామ్నాయం. లండన్ నగరం మొత్తానికీ కౌన్సిల్ అయిన జీఎల్‌సీ దానికి సాయం చేసింది. 1984 ఏప్రిల్లో పడవలకి బానర్లు కట్టుకుని థేమ్స్ మీదుగా పార్లమెంటు దాకా ఊరేగింపుగా వెళ్ళారు. పీటర్ డన్, లొరైన్ లీసన్ అనే కళాకారులు స్థానికులతో కలిసి 18 అడుగుల పొడుగు పోస్టర్లు చేసి వీధుల్లో నిలబెట్టారు. 1986లో బాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నరు కానరీ వార్ఫ్ ఉత్సవానికి వస్తే సభలోకి గొర్రెల్నీ తేనెటీగల్నీ వదిలారు. గొర్రెలు సరే, తేనెటీగల్ని ఎవరు ఆపగలరు!

ఫలితం? విమానాశ్రయం 1987లో తెరిచారు. అదే ఇప్పటి లండన్ సిటీ ఎయిర్‌పోర్ట్. పీపుల్స్ ప్లాన్ పుస్తకాల్లో మిగిలింది. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, ఆ ప్లాను బాలేదని ఎవరూ ఓడించలేదు. ఆ నేల మీద వాళ్ళకి ఏ హక్కూ లేదు, అంతే.

ఇక "మార్కెట్టే చేసింది" అన్న మాట. కెనడా వాళ్ళ ఒలింపియా అండ్ యార్క్ కంపెనీ 1987లో కానరీ వార్ఫ్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. 1991కల్లా 235 మీటర్ల టవర్ నిలబడింది, అప్పటికి బ్రిటన్లోకెల్లా ఎత్తైనది. 1992లో కంపెనీ దివాలా తీసింది. ఆఫీసులు ఖాళీ. వెళ్ళడానికి సరైన రైలు లేదు. 1987లో 7.7 కోట్ల పౌండ్లతో కట్టిన డిఎల్ఆర్ బొమ్మ రైలంత ఉండేది, కెపాసిటీ ప్లానింగ్ అంటే ఏంటో తెలియని ప్రాజెక్టుకి మంచి ఉదాహరణ. చివరికి 1999లో జూబిలీ లైన్ పొడిగింపు వస్తే గానీ ఆ చోటు కుదుటపడలేదు. ఆ లైనుకి అయిన ఖర్చు 300 కోట్ల పౌండ్ల పైమాటే, అందులో చాలాభాగం జనం డబ్బు. లైమ్‌హౌస్ లింక్ అని కింద ఓ సొరంగం రోడ్డుంది, 1993లో తెరిచారు. రెండు కిలోమీటర్లు కూడా లేని ఆ రోడ్డు కోసం వందల కుటుంబాలని వేరేచోటికి మార్చాల్సొచ్చింది.

మరి ఏమీ ఒరగలేదా అంటే అదీ అబద్ధమే. 1998 మార్చిలో ఎల్‌డిడిసిని మూసేసేటప్పటికి లెక్కలివీ: ప్రభుత్వం పెట్టింది 186 కోట్ల పౌండ్లు, ప్రైవేటు పెట్టుబడి 770 కోట్లు, కొత్త ఇళ్ళు 24,046. జనాభా 39 వేల నుంచి 83 వేలకి, ఉద్యోగాలు 27 వేల నుంచి 85 వేలకి పెరిగాయి. పాడుబడ్డ నేల పాడుబడే ఉంటే ఎవరికి లాభం? ఆ ఉద్యోగాల్లోనే మనవాళ్ళకీ కాస్త వాటా దక్కింది, కాదనను. కానీ 1981లో ఆ ప్రాంతంలో నూటికి ఎనభైకి పైగా కౌన్సిల్ అద్దె ఇళ్ళు. కొత్తగా కట్టినవాటిలో ఎక్కువ అమ్మకానికి. బాంకు ఉద్యోగం రేవు కూలీ కొడుక్కి రాదు, కిటికీలోంచి చూస్తే కొత్త అపార్ట్‌మెంటు కనబడుతుంది, దాని ధర వాళ్ళ జీవితకాలంలో అందదు. 1980ల చివర్లో ఎల్‌డిడిసికే ఈ సంగతి తెలిసొచ్చి, కౌన్సిళ్ళతో ఒప్పందాలు చేసుకుని, స్కూళ్ళూ ఆస్పత్రులూ అద్దె ఇళ్ళ మీద ఖర్చు పెంచింది. అప్పటికే ఆలస్యమైంది.

ఆ ఆలస్యానికి ఎవరు మూల్యం చెల్లించారో చూడండి. అద్దె ఇళ్ళ కొరత ముదిరింది. ఉన్న కొన్ని ఇళ్ళలో కొన్ని బంగ్లాదేశీ కుటుంబాలకి కేటాయిస్తే, "మా ఇళ్ళు వాళ్ళకిస్తున్నారు" అని రెచ్చగొట్టినవాళ్ళు బయల్దేరారు. 1993 సెప్టెంబరులో మిల్వాల్ వార్డు ఉపఎన్నికలో జాత్యహంకార పార్టీ బీఎన్‌పీ మొట్టమొదటిసారి ఓ కౌన్సిల్ సీటు గెలిచింది, 7 ఓట్ల తేడాతో. కోపం టవర్ కట్టినవాళ్ళ మీదికి పోలేదు, పక్కింటి సిల్హెటీ కుటుంబం మీదికి పోయింది. మరుసటి ఏడు మే నెలలో జనం బాగా కదిలి ఆ సీటు ఓడగొట్టారనుకోండి. కానీ ఆ ఎనిమిది నెలలు సాయంత్రం పూట నల్లతోలుతో ఆ వీధుల్లో నడవడమంటే ఎలా ఉండేదో ఈస్ట్ హాంలో ఉండొచ్చిన మనం ఊహించుకోగలం.

ఇప్పుడు నది పైకి, కాయిన్ స్ట్రీట్‌కి.

వాటర్లూ వంతెనకీ బ్లాక్‌ఫ్రయర్స్ వంతెనకీ మధ్య దక్షిణపు ఒడ్డున ఉన్న పేట ఇది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ చుట్టుపక్కల 50 వేల మంది ఉండేవాళ్ళు, 1970ల మొదటికి 4 వేలు మిగిలారు. స్కూళ్ళు, కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఖాళీ నేల 13 ఎకరాలు, సగం జీఎల్‌సీది, సగం ప్రైవేటుది. నదికి ఆవల కనుచూపు మేరలోనే లండన్ సిటీ. ఆఫీసులు కట్టాలనుకునేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి? గ్రేకోట్ అనే కంపెనీ రిచర్డ్ రోజర్స్‌తో ఓ డిజైన్ చేయించింది. పారిస్‌లో పాంపిడూ సెంటర్ కట్టిన రోజర్సే. వరసగా ఎత్తైన ఆఫీసు భవనాలు, మధ్యలో గాజు కప్పు వీధి, నది మీద కొత్త కాలివంతెన. జనం దానికి పెట్టిన పేరు "బెర్లిన్ గోడ".

1977లో కాయిన్ స్ట్రీట్ ఆక్షన్ గ్రూప్ పెట్టుకున్న స్థానికులు ముందు చేసిన పని ధర్నా కాదు, సొంత ప్లాను. అద్దె ఇళ్ళు, పార్కు, నది పక్క నడకదారి, చిన్న కొట్లు. ఆ ప్లానుకి కూడా డెవలపర్లలాగే పద్ధతిగా అనుమతికి అర్జీ పెట్టారు. 1979లో బహిరంగ విచారణ జరిగితే హెసెల్టైన్ రెంటినీ తోసిపుచ్చాడు. 1981లో రెండో విచారణ. ఇది నెలల తరబడి సాగింది. పగలు ఉద్యోగాలు చేసుకుని రాత్రిళ్ళు కాగితాలు తయారుచేసి, మళ్ళీ పొద్దున్నే వెళ్ళి లాయర్లకి ఎదురుగా కూర్చునేవాళ్ళు. చివరికి తీర్పు చిత్రంగా వచ్చింది: ఇద్దరికీ అనుమతి! ఒకే నేల మీద రెండు ప్లానులూ ఓకే. ఇక ఎవరు కట్టగలరన్నది నేల ఎవరి చేతికొస్తుందన్న దాని మీదే ఉంది.

ఇక్కడే అదృష్టం కలిసొచ్చింది. 1981 మేలో జీఎల్‌సీ లేబర్ పార్టీ చేతికొచ్చి కెన్ లివింగ్‌స్టన్ నాయకుడయ్యాడు. సగం నేల జీఎల్‌సీది కదా, అది డెవలపర్ పక్షం నుంచి జనం పక్షానికి మారింది. కోర్టు గొడవలు, రోజురోజుకీ పెరిగే ఖర్చు చూసి గ్రేకోట్ విసిగిపోయి 1984లో తన వాటా జీఎల్‌సీకే అమ్మేసింది. జీఎల్‌సీ ఆ నేల మీద ఇళ్ళు, పార్కు లాంటివే కట్టాలని షరతులు రాసింది. షరతులున్న నేలకి ధర పడిపోతుంది కదా, ఆ పడిపోయిన ధరకి, 10 లక్షల పౌండ్లకి, స్థానికులు పెట్టుకున్న కాయిన్ స్ట్రీట్ కమ్యూనిటీ బిల్డర్స్ అనే సంస్థకి అమ్మింది. లాభాలు పంచుకోని కంపెనీ అది, చుట్టుపక్కల నివసించేవాళ్ళే సభ్యులు. ఆ డబ్బూ అప్పు తెచ్చిందే. 1986లో థాచర్ ప్రభుత్వం జీఎల్‌సీనే రద్దు చేసేసింది. రెండేళ్ళు ఆలస్యమై ఉంటే ఈ కథ లేదు.

కమ్యూనిటీ అనగానే భజన మండలి అనుకోకండి. వీళ్ళు అప్పు తీర్చడానికి మొదట చేసిన వ్యాపారం ఖాళీ నేల మీద కార్ పార్కింగ్. ఆ ఆదాయంతో పార్కు, నడకదారి. పార్కుకి బెర్నీ స్పెయిన్ గార్డెన్స్ అని, ఉద్యమంలో పనిచేసి చనిపోయిన స్థానికురాలి పేరు పెట్టుకున్నారు. 1988లో 56 ఇళ్ళతో మల్బరీ అనే హౌసింగ్ కో-ఆపరేటివ్ తెరిచారు. తరవాత పామ్, రెడ్‌వుడ్, ఇరోకో, అన్నీ చెట్ల పేర్లే. కో-ఆపరేటివే ఎందుకంటే, 1980 చట్టం ప్రకారం కౌన్సిల్ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు దాన్ని తక్కువ ధరకి కొనుక్కోవచ్చు. కొన్నాక అమ్ముకుంటారు, అద్దె ఇల్లు అక్కడితో మాయం. సభ్యులంతా కలిసి యజమానులైన ఇలాంటి కో-ఆపరేటివ్‌కి ఆ చట్టం వర్తించదు. సెక్యూరిటీ లూప్‌హోల్ ముందే కనిపెట్టి మూసేసినట్టన్నమాట.

అన్నిట్లోకి నాకు నచ్చింది ఆక్సో టవర్. ఆక్సో అనేది మాంసం చారు ముక్కలు అమ్మే బ్రాండు. 1920ల చివర్లో టవర్ మీద ప్రకటన బోర్డు పెట్టుకోనివ్వకపోతే, ఇంగ్లీషులో ఆ పేరులోని మూడక్షరాలూ గుండ్రం, అడ్డగీతలు, గుండ్రం ఆకారాలే కాబట్టి వాటినే కిటికీలుగా కట్టేశారు! ఆ పాడుబడ్డ భవనాన్ని బాగుచేసి 1996లో తెరిచినప్పుడు పై అంతస్తులో హార్వీ నికల్స్ వాళ్ళ ఖరీదైన రెస్టారెంటు, కింద చేతిపని కళాకారుల దుకాణాలు, మధ్యలో అయిదంతస్తుల్లో 78 కో-ఆపరేటివ్ ఫ్లాట్లు. రెస్టారెంటు అద్దె పార్కు ఖర్చులకి పోతుంది. నగరంలో అత్యంత ఖరీదైన నదీదృశ్యం అద్దె ఇంటివాళ్ళ కిటికీలోంచి.

మీరు అడగబోయేది నాకు తెలుసు. కాయిన్ స్ట్రీట్ మొత్తం కలిపి 220 ఇళ్ళు, డాక్‌లాండ్స్ 24 వేలు. పోలికేంటి? నిజమే. 13 ఎకరాల కిటుకు 5 వేల ఎకరాలకి యథాతథంగా స్కేల్ అవదు. సిటీకి ఎదురుగా ఉన్న నేల కాబట్టి పార్కింగ్‌కే డబ్బొచ్చింది, కానింగ్ టౌన్లో ఎవరు కారు పెట్టుకుంటారు? కానీ నేను పోల్చేది ఇళ్ళ సంఖ్యని కాదు. రెండుచోట్లా జనం దగ్గర ప్లానుంది, పట్టుదల ఉంది, తెలివుంది, జీఎల్‌సీ అండ కూడా ఉంది. ఒకచోట నేల చేతికొచ్చింది, ఇంకోచోట రాలేదు. ఆర్న్‌స్టీన్ నిచ్చెన పైమెట్లెక్కడానికి వర్క్‌షాపులూ ప్రశ్నావళులూ చాలవు, కాళ్ళ కింద నేలుండాలి.

దీనికి మన హైదరాబాదుతో ఓ విచిత్రమైన లంకె ఉంది. 1967లో హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్లో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అని మొదలుపెట్టారు. కేంద్రం కొన్ని నగరాల్లో ప్రయోగంగా పెట్టినవాటిలో చాలావరకు చతికిలబడ్డాయి, ఇక్కడ మాత్రం నిలబడింది. బస్తీ వాళ్ళతో కూర్చుని ఏం కావాలో అడగడం, బాలవాడీలు, కుట్టు శిక్షణ, ఆ తరవాత పట్టా ఇప్పించి బాంకు అప్పుతో ఉన్నచోటే సొంతంగా ఇల్లు కట్టుకోనివ్వడం. యూనిసెఫ్ సాయం చేసింది. 1983 నుంచి బస్తీల్లో రోడ్లు, నీళ్ళు, మరుగుదొడ్లకి పెద్ద ఎత్తున డబ్బిచ్చింది ఎవరనుకున్నారు? బ్రిటిష్ ప్రభుత్వపు విదేశీ సాయం శాఖ! తరవాత విశాఖపట్నం, విజయవాడల్లో కూడా. డాక్‌లాండ్స్‌లో జనం పడవలెక్కి మొత్తుకుంటున్న సరిగ్గా అదే కాలంలో, అదే థాచర్ ప్రభుత్వం, ఇక్కడ బస్తీ జనాన్ని కలుపుకుని, ఖాళీ చేయించకుండా బాగుచేసే పనికి డబ్బు కట్టింది. అయిదు వేల మైళ్ళ అవతల పనికొచ్చిన సూత్రం ఇంటి పక్కన పనికిరాలేదన్నమాట.

బ్రిటన్లో తరవాతి ప్రభుత్వాలు కొంత నేర్చుకున్నాయి. 1991లో సిటీ ఛాలెంజ్ అని, డబ్బు కావాలంటే కౌన్సిలూ కంపెనీలూ స్థానికులూ కలిసి పోటీకి అర్జీ పెట్టాలన్నారు. 1998లో బ్లేర్ ప్రభుత్వం న్యూ డీల్ ఫర్ కమ్యూనిటీస్ పెట్టింది: 39 పేటలు, ఒక్కోదానికి పదేళ్ళలో దాదాపు 5 కోట్ల పౌండ్లు, చాలాచోట్ల బోర్డులోకి జనం ఎన్నుకున్న స్థానికులే. వీధులూ భద్రతా బాగుపడ్డాయి గానీ, చదువూ ఉద్యోగాల్లో మార్పు తక్కువేనని 2010లో తేలింది. ఇంతలో అదే ప్రభుత్వం 2002లో ఇంకో చేత్తో ఉత్తరాది ఊళ్ళలో పాత ఇళ్ళు వేలకొద్దీ కూల్చే పథకం పెట్టింది, 2011లో ఆగిపోయింది. లివర్‌పూల్లో గ్రాన్‌బీ అనే పేటవాళ్ళు ఖాళీ ఇళ్ళ ముందు పూలకుండీలు పెట్టి, వీధులకి రంగులేసి, చివరికి ట్రస్టు పెట్టుకుని పది ఇళ్ళు తమ చేతికి తెచ్చుకున్నారు. వాళ్ళతో పనిచేసిన అసెంబుల్ బృందానికి 2015లో టర్నర్ ప్రైజ్ వచ్చింది. ఇక్కడా అదే వరస, ముందు నేల, తరవాతే పేరు.

కాయిన్ స్ట్రీట్ వాళ్ళేమయ్యారంటారా? నేలున్న ప్రతివాళ్ళకీ వచ్చే ఆలోచనే వాళ్ళకీ వచ్చింది. డూన్ స్ట్రీట్లో తమకున్న జాగాలో ఈత కొలను, క్రీడాకేంద్రం కట్టాలనుకున్నారు. దాని ఖర్చుకి పక్కనే 43 అంతస్తుల టవర్ కట్టి అందులో ఫ్లాట్లు అమ్ముతామన్నారు. ఇంత ఎత్తేంటి, నది అందం చెడుతుంది అని అభ్యంతరాలొచ్చాయి. బహిరంగ విచారణ జరిగింది. ఇన్‌స్పెక్టర్ వద్దన్నా 2008లో మంత్రి హేజెల్ బ్లియర్స్ సరేనంది. మళ్ళీ కోర్టుకెళ్ళారు. ఈసారి డెవలపర్ కుర్చీలో కూర్చున్నది కాయిన్ స్ట్రీట్ కమ్యూనిటీ బిల్డర్స్. 2009లో కేసు గెలిచారు.